లోక్‌సభకు స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్: ఖాళీగా వదిలిన గడే కొంప ముంచుతుంది

లోక్‌సభకు పోటీ చేయడానికి పార్టీ టికెట్టు ఉండి తీరాలని లేదు. 25 ఏళ్లు నిండి, దేశంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరై ఉంటే చాలు. ధరావతు 25 వేల రూపాయలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 12,500. అంతకు మించి కట్టవలసిన రుసుము లేదు. ‘అన్నీ మేమే చూసుకుంటాం’ అంటూ బయట అడిగే డబ్బుకు రసీదు రాదు, బాధ్యతా ఉండదు.

నామినేషన్ పత్రం, అంటే ఫారం-2ఎ, నింపడం తేలికే. గడువులోగా ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 లోపు అభ్యర్థి గానీ, అతని పేరును ప్రతిపాదిస్తూ సంతకం చేసే ప్రతిపాదకుడు గానీ స్వయంగా అందజేయాలి. మీ ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే, జాబితాలో మీ పేరున్న భాగానికి ధ్రువీకరించిన నకలు జతచేయాలి. స్వతంత్ర అభ్యర్థికి అవసరమైన పదిమంది ప్రతిపాదకులూ మీరు పోటీ చేసే నియోజకవర్గ ఓటర్లే కావాలి. వారిలో వేలిముద్ర వేసేవారుంటే, ఇంటి దగ్గర వేయించిన ముద్ర చెల్లదు. నియోజకవర్గంలో ఎన్నిక నిర్వహించే రిటర్నింగ్ అధికారి లేదా అందుకు నియమితుడైన అధికారి ఎదుటే వేయాలి.

అసలు చిక్కు ఫారం-26 అఫిడవిట్‌తో వస్తుంది. కేసులు, ఆస్తులు, అప్పులు, జీవిత భాగస్వామి వివరాలు, ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు అన్నీ అందులోనే. కేసులు లేవు కదా అని ఆ గడి వదిలేస్తారు చాలామంది. వదలకూడదు. ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో రాసి తీరాలి. గడులు ఖాళీగా ఉన్న నామినేషన్‌ను తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే వెంటనే తిరస్కరించరు: అధికారి నోటీసు ఇస్తారు, నామినేషన్ల పరిశీలన మొదలయ్యేలోపు కొత్త అఫిడవిట్ ఇవ్వవచ్చు. ఆ నోటీసును పక్కన పడేయకండి. చిన్నపాటి అక్షరదోషాలకు మాత్రం భయపడనక్కర్లేదు. ముఖ్యం కాని లోపాలతో తిరస్కరించరాదని చట్టమే చెబుతోంది.

నామినేషన్ ఇచ్చాక, రాజ్యాంగానికి విధేయంగా ఉంటానని ప్రమాణం చేయాలి. పరిశీలన రోజున చేద్దామనుకుంటే ఆలస్యమైనట్టే, అంతకు ముందురోజుకే అది పూర్తి కావాలి. పత్రం అందించిన వెంటనే అక్కడే చేసేయడం మేలు.

పరిశీలనకు తప్పక వెళ్లండి. అభ్యంతరం వస్తే జవాబుకు సమయం అడగవచ్చు. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి, ఆ ప్రతి తీసుకోండి. ఎన్నిక మధ్యలో కోర్టులు జోక్యం చేసుకోవు. ఫలితం వెలువడ్డాక 45 రోజుల్లోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయడమొక్కటే దారి.