ఇంట్లోనే బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు – 3వ పాఠం: ప్రింటర్‌లో గ్రే ఉందా?

పోయిన పాఠంలో స్కాన్ చేసి మచ్చలు తుడిచిన ఫోటోని ఇప్పుడు ఏ ప్రింటర్ చేతిలో పెట్టాలో చూద్దాం.

ముందు నా సంగతి చెప్తా. మా తాతయ్య ఫోటో, తెల్ల పంచె, భుజాన కండువా, ఇంట్లో ఉన్న నాలుగు రంగుల ప్రింటర్ మీద తీశాను. ట్యూబ్‌లైట్ కింద పంచె మడతలన్నీ లేత ఆకుపచ్చ, కిటికీ దగ్గరికి తెస్తే అవే మడతలు గులాబీ. పాడైందేమోనని మూడుసార్లు హెడ్ క్లీనింగ్ (ఇంకు చిమ్మే భాగాన్ని ఇంకుతోనే కడగడం) చేసి బోలెడంత ఇంకు తగలేశాను. దాని తప్పేం లేదు, పాపం దాని దగ్గర బూడిద రంగు ఇంకే లేదు, అందుకే సయాన్ (ఆకాశ నీలం లాంటిది), మెజెంటా (ముదురు గులాబీ లాంటిది), పసుపు చుక్కలు పక్కపక్కన చల్లి బూడిదలా కనిపించేట్టు చేస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే పంచె అంచున రంగుల ముగ్గు పోసినట్టుంది! ఆ మూడింటి పాళ్లు కాస్త తప్పినా, మీద పడే వెలుగు మారినా రంగు బయటపడిపోతుంది.

అందుకే షాపులో డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) ఎంత అని అడక్కండి, ఏయే ఇంకులు పడతాయో అడగండి. ఆరు రంగులనగానే సరిపోదు. ఎప్సన్ ఎల్805లో ఆరున్నాయి గానీ అదనంగా ఉన్న రెండూ లేత సయాన్, లేత మెజెంటా, మన పనికి పెద్దగా ఉపయోగం లేదు. ఎల్8180లోనూ ఆరే, కానీ ఒకటి గ్రే, పైగా ఏ3+ సైజు (ఏ4కి రెట్టింపు కన్నా కాస్త పెద్దది) దాకా వస్తుంది. ఏ4 చాలనుకుంటే కెనాన్ జీ570లో కూడా గ్రే ఉంది.

ఇంకాస్త పెట్టగలిగితే పిగ్మెంట్ ఇంకులవి (రంగు కరిగిపోకుండా సన్నటి పొడిలా ఉండే ఇంకులు) చూడండి. కెనాన్ ప్రో-300, ఎప్సన్ పీ700 రెండింట్లోనూ పదేసి ఇంకులు, గ్లాసీ (మెరిసే) పేపర్‌కి ఫోటో బ్లాక్, మ్యాట్ (మెరవని) పేపర్‌కి మ్యాట్ బ్లాక్ విడివిడిగా ఉంటాయి. పీ700లో మాత్రం గ్రేతో పాటు లైట్ గ్రే కూడా ఉంది. ఎందుకంటారా, పంచె లాంటి తెల్లటి చోట ముదురు చుక్కలు దూరదూరంగా పడితే గసగసాలు చల్లినట్టు కనిపిస్తాయి, అదే లేత ఇంకైతే చుక్కలు ఒత్తుగా పడి నున్నగా కలిసిపోతాయి. నన్నడిగితే పీ700కే ఓటు.

ఏడాదికి పది ఫోటోలే అనుకునేవాళ్లు మాత్రం కొనకండి. వారానికో పేజీ అయినా తియ్యకపోతే నాజిల్స్‌లో (ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాల్లో) ఇంకు ఎండిపోతుంది, దాన్ని వదిలించడానికి మళ్లీ ఇంకే ఖర్చు.

హోంవర్క్: నలుపు 0 నుంచి తెలుపు 255 దాకా (ఫోటో ఎడిటర్‌లో వెలుగుని చెప్పే అంకెలివి) 21 గడుల పట్టీ ఒకటి తయారుచేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, కొనబోయే మోడల్ మీదే గ్లాసీ పేపర్‌పై తీయించి ట్యూబ్‌లైట్ కింద ఒకసారి, గుమ్మం బయట ఎండలో ఒకసారి చూడండి. రంగు తేలిందా, నలుపు వైపు ఎన్ని గడులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, రాసి పెట్టుకోండి. నాకు మూడు కలిసిపోయాయి, వచ్చే పాఠంలో వాటిని విడదీద్దాం.