ఎండాకాలంలో ఢిల్లీ మిషన్‌కి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

సువార్త చెప్పే సేవ కోసం ఎండాకాలం మొదట్లో న్యూఢిల్లీ మిషన్‌కి బయల్దేరుతున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి, వాళ్ళని సాగనంపే అమ్మానాన్నలకి ఇది. బయటివాళ్ళు మనల్ని మోర్మన్లు అంటారు. సంఘం పూర్తి పేరే వాడమని 2018లో అప్పటి మన సంఘ అధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ చెప్పారు గానీ, 'యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము' అని మీరు పూర్తిచేసేలోపు ఢిల్లీ ఆటోవాడు వెళ్ళిపోతాడు. ఈ సేవ అబ్బాయిలకి 24 నెలలు, అమ్మాయిలకి 18. నేను రాజమండ్రి నుంచి వెళ్ళి రెండు ఎండాకాలాలు అక్కడ గడిపి వచ్చాను. మొదటి ఎండాకాలంలో నేను చేసిన తెలివితక్కువ పని ముందు చెప్తాను, మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే.

మే నెల మొదటి ఆదివారం. ఉపవాస ఆదివారం కాబట్టి శనివారం రాత్రి అన్నం తిన్నాక మళ్ళీ ఏమీ ముట్టలేదు, నీళ్ళు కూడా. శుక్రవారం నుంచే నాకు విరేచనాలు. ఆ సంగతి నాతో జంటగా సేవ చేసే తోడు మిషనరీకి, అంటే కంపానియన్‌కి చెప్పలేదు. అప్పటికి నేను వెళ్ళి మూడు వారాలే, వీడెవడో గాజుబొమ్మ అనుకుంటాడని సిగ్గు. మీటింగులు అయ్యాక మధ్యాహ్నం ఒక సభ్యుల ఇంటికి బయల్దేరాం. మెట్రో మెట్లు దిగి రోడ్డు మీదకి రాగానే కళ్ళు బైర్లు కమ్మాయి. మా పంజాబీ కంపానియన్ నన్ను చెరకురసం బండి గొడుగు కింద కూలేసి, ఉప్పు వేసిన నిమ్మరసం గ్లాసు నోటి దగ్గర పెట్టాడు. "ఉపవాసం కదా" అన్నాను. "చచ్చాక ఉందువుగానీ, తాగు" అన్నాడు హిందీలో. సాయంత్రం మిషన్ ప్రెసిడెంటు (అక్కడి మిషనరీలందరికీ పెద్ద) గారి భార్య ఫోన్‌లో, "ఒంట్లో బాగోలేనప్పుడు ఉపవాసం ఎవరు ఉండమన్నారు నిన్ను?" అని గట్టిగానే వేసుకున్నారు. నిజంగానే ఎవరూ అనలేదు. ఆరోగ్యం సహకరించనివాళ్ళు ఉపవాసం మానుకోవచ్చు, సంఘం చెప్పేదే అది. శక్తికి మించి పరుగెత్తక్కర్లేదని మోర్మన్ గ్రంథంలోనే ఉంది. సెమినరీలో (సంఘం పిల్లలకి పెట్టే గ్రంథపాఠాల క్లాసు) ఆ వచనం కింద ఎర్ర పెన్నుతో గీత కూడా గీసుకున్నాను.

కాబట్టి మొదటి జాగ్రత్త ఇంటి దగ్గరే. మిషన్ ఫారం కోసం మామూలు డాక్టరు, పళ్ళ డాక్టరు ఇద్దరూ మిమ్మల్ని చూస్తారు. ఆయాసం, ఫిట్స్, నిద్ర పట్టకపోవడం, మనసు బాగోక మందులు వాడిన రోజులు, ఏదీ దాచకండి. రాస్తే పంపరేమోనన్న భయం నాకు తెలుసు. దాచి వెళ్తే అక్కడ మీ ఇన్‌హేలర్ ఎక్కడుందో కంపానియన్‌కి తెలియదు, అది అంతకంటే ప్రమాదం. పుచ్చిపోయిన దవడపన్ను ఉంటే బయల్దేరేముందే పీకించుకోండి.

ఎండ గురించి. మనవాళ్ళం 'మేం చూడని ఎండా' అనుకుంటాం. గోదావరి ఒడ్డున ఉక్కకి చొక్కా ఒంటికి అంటుకుపోతుంది, అది చూసి నీళ్ళు తాగుతాం. ఢిల్లీలో మే, జూన్ నెలల్లో వీచే వడగాలిని వాళ్ళు 'లూ' అంటారు. పొడిగాలి. చెమట పట్టిందని తెలిసేలోపే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్ళు పోతున్న సంగతి దాహం కంటే ముందు మూత్రం రంగు చెప్తుంది, ముదురు పసుపైతే ఆలస్యం చేసినట్టే. పన్నెండు నుంచి నాలుగు దాకా నడిచే పనులు పెట్టుకోకండి, చదువులూ ఫోన్ మీద చెప్పే పాఠాలూ ఆ వేళకి సర్దుకోండి. బ్యాగులో నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు ఉంచుకోండి. పొట్లం ఎన్ని నీళ్ళకో దాని మీదే రాసి ఉంటుంది, చూసి కలపండి. పెద్ద పొట్లమైతే లీటరు నీళ్ళకి, గ్లాసుకి కాదు. పొట్లం దొరక్కపోతే లీటరు నీళ్ళలో టీస్పూనుతో కొలిచి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. కంపానియన్ ఒళ్ళు కాలిపోతూ, మాట తేడాగా వస్తుంటే అది వడదెబ్బ. 112కి ఫోన్ చేసి, నీడలోకి లాగి, ఒంటిమీద నీళ్ళు పోసి విసరండి. స్పృహ లేనివాడి నోట్లో మాత్రం ఏమీ పొయ్యకండి.

గదిలో ఏసీ ఉంటుందనుకోకండి, కూలర్ ఉండొచ్చు. అది మనకి అంతగా అలవాటు లేని వస్తువు. నీళ్ళు పోసే ముందు స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గే పీకండి. చెప్పుల్లేని కాళ్ళతో, తడి చేత్తో బకెట్ ఎత్తి పోస్తూ ఇంకో చేత్తో ఇనుప బాడీ పట్టుకోవడం నేనూ చేశాను, ఒకసారి జివ్వుమంది. వారానికోసారైనా నీళ్ళన్నీ వంచేసి తొట్టె ఆరబెట్టండి, డెంగీ దోమ పెరిగేది అందులోనే.

ఇక టీ. ఇదొక పెద్ద గండం. మన సంఘపు ఆరోగ్య నియమమైన జ్ఞాన వాక్యము ప్రకారం మనకి టీ, కాఫీ లేవు. ఢిల్లీలో గుమ్మం దాటి లోపలికి వెళ్ళేసరికి పొయ్యి మీద గిన్నె ఎక్కేసి ఉంటుంది. కప్పు ముందు పెట్టాక వద్దంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. కూర్చోకముందే, "ఆంటీజీ, హమ్ చాయ్ నహీ పీతే, నింబూ పానీ చలేగా" అనేయండి. (హైదరాబాదు తమ్ముళ్ళు 'నక్కో' అనకండి, నవ్వి నవ్వి చస్తారు.) నీళ్ళు కాచినవో ఫిల్టరువో కనుక్కోండి. మార్చిలో హోలీనాడు మాత్రం ఠండాయి ఎవరిచ్చినా వద్దు. బాదంపాలలా కమ్మగా ఉంటుంది, అందులో భంగు (గంజాయి ఆకు మత్తు) కలిపారో లేదో రంగు చూసి చెప్పలేం.

వీధికుక్క కరిస్తే, గీరినా సరే, పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. పసుపూ కారమూ వద్దు.

చట్టం సంగతి కాస్త నిదానంగా చదవండి. ఢిల్లీ మెట్రోలో ఒక్క స్టేషన్ దాటితే రాష్ట్రం మారిపోతుంది. నోయిడా, ఘజియాబాద్ ఉత్తరప్రదేశ్‌లోవి, గురుగ్రామ్ హర్యానాలోది. ఉత్తరప్రదేశ్‌లో 2021లో, హర్యానాలో 2022లో మతమార్పిడిని కట్టడి చేసే చట్టాలు వచ్చాయి. ప్రలోభం అన్న మాట వాటిలో చాలా విశాలమైంది. మీరు ముచ్చటపడి ఎవరి పిల్లాడికో కొనిచ్చిన నోటుబుక్కుని కూడా ఎవరైనా అలా చూపించవచ్చు. పిలవని గుమ్మం ఎక్కవద్దు. డబ్బు, బట్టలు, ఉద్యోగం మాట ఎత్తవద్దు. పెద్దవాళ్ళు లేని ఇంట్లో పిల్లలతో కూర్చోవద్దు. ఎవరైనా గొంతు పెంచితే వాదన పెట్టుకోకుండా నమస్తే చెప్పి వచ్చేయండి. పోలీసులు అడిగితే ఆధార్ చూపించి, మిషన్ ప్రెసిడెంటుకి ఫోన్ చేయండి. ఇది పిరికితనం అని నాకెప్పుడూ అనిపించలేదు.

కంపానియన్ కంటికి కనిపించేంత, మాట వినిపించేంత దూరంలోనే ఉండాలన్నది నియమం. తోడు ఉన్నందుకే నేను ఆ రోజు లేచాను. కానీ ఇరవై నాలుగ్గంటలూ ఒకే మనిషితో ఉండటం తేలిక కాదు. మాకు గొడవ వచ్చింది ఆవకాయ దగ్గర. అమ్మ ఇచ్చిన సీసా మూత వదులై, నూనె సూట్‌కేసంతా పాకి, నావి మూడు, వాడివి రెండు తెల్ల చొక్కాలు పసుపెక్కాయి. వారం రోజులు ముభావంగా ఉన్నాం. పచ్చడి పట్టుకెళ్ళండి గానీ ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో పెట్టండి. ముభావం మూడో రోజుకి చేరితే మీ జట్టు మిషనరీలకి పెద్దగా ఉండే డిస్ట్రిక్ట్ లీడరుకి చెప్పండి. ఆరు వారాల్లో కంపానియన్లని మార్చే ట్రాన్స్‌ఫర్ వస్తుందిలే అని నోరు మూసుకుంటే ఆ ఆరు వారాలూ ఆరు నెలలంత సాగుతాయి.

దిగులు అందరికీ వస్తుంది. పడుకున్నా నిద్ర రాక, లేచినా లేవబుద్ధి కాక, ప్రార్థనకి మోకరిస్తే మాట రాక రెండు వారాలు గడిస్తే మాత్రం అది విశ్వాసం తక్కువై కాదు, డాక్టరు చూడాల్సిన విషయం. పెద్దలకి ఒక మాట: పిల్లాడు మధ్యలో తిరిగొస్తే "వచ్చేశాడట" అని వీధిలో అనకండి. ఇంటి దగ్గర ఉండి చేసే సేవా మిషన్లు కూడా సంఘంలో ఉన్నాయి.

2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి, ప్రిపరేషన్ డే (సొంత పనులకి వదిలే సోమవారం) నాడు ఇంటికి వీడియో కాల్ చేసుకోవచ్చు. అంతకుముందు వెళ్ళినవాళ్ళకి క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ తప్ప అమ్మ గొంతు వినే భాగ్యం లేదు. ఆ కాల్‌లో అమ్మలు 'తిన్నావా' అని అడగవద్దు. 'ఆఁ తిన్నాను' అనేస్తాం, నేను పడిపోయిన మర్నాడు సోమవారం కూడా అదే అన్నాను. 'ఏం తిన్నావు' అని అడగండి. మా అమ్మకి సంగతి తెలిశాక ఏ సోమవారమూ ఆ ప్రశ్న వెయ్యలేదు, ముందు కంచం చూపించమనేది.