కోతలకి ముందు షెడ్డు సర్దాను

మాది అమలాపురం దగ్గర పల్లె. చలికాలంలో బండి బయట పెడితే మంచుకి తడిసి పొద్దున్నే కిక్కుకి లొంగదు. షెడ్డులోనేమో కొబ్బరి డొక్కలు, బరకాలు, విరిగిన మంచం. దసరా ఎండకి మొత్తం వాకిట్లోకి లాగేశాను.

డొక్కల కింద ఎలుక గూడు! అందులో మా ఆవిడ చీర పేలికలు, బండి వైరు ముక్కలు. హారన్ ఎందుకు మోగట్లేదో అప్పుడర్థమైంది.

డొక్కలు పొయ్యిలోకి పోయాయి. నేల చెమ్మ కాబట్టి ఇటుకలు పేర్చి, పైన పాత తలుపు వేసి, గోడకి జానెడు ఎడంగా సంచులు పెట్టాను. పలుగూ పారా మేకులకి తగిలించా. బరకాలు బాగా ఆరాకే మడిచా. పోయినేడు తడిగా చుట్టేస్తే బూజు పట్టాయి. 1996 నవంబరు తుపాను చూసినవాళ్ళం, కోసిన వరి పనల మీద కప్పడానికి అవి గుమ్మం పక్కనే ఉండాలి. మంచం మాత్రం నాన్న పారేయనివ్వలేదు. అటకెక్కించా.