గోడ మీద అక్షరాలు రాసే ముందు జాగ్రత్తలు

రాయాల్సిన మాటలన్నీ ముందు కాగితం మీద రాసి, గోడ యజమానితో ఒత్తులూ దీర్ఘాలూ సరిచూపించి సంతకం పెట్టించుకోండి.

చెమ్మ ఉందేమో చూడండి. రెండడుగుల ప్లాస్టిక్ షీటును నాలుగంచులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. లోపల నీటి బొట్లు కనిపిస్తే ఆగాల్సిందే, ఆగకుంటే ఎనామిల్ రంగు పొక్కులు లేస్తుంది. కొత్త సిమెంటు పూతను కనీసం 28 రోజులు ఆరనివ్వండి. పాత సున్నం చేతికి అంటుతుంటే వైరు బ్రష్‌తో గీకి, కడిగి, పూర్తిగా ఆరాకే ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత, వేయండి.

గీతలు కొట్టేటప్పుడే అసలు జాగ్రత్త. నీలం పొడి రాసిన దారం బిగబట్టి కొట్టండి. అక్షరం ఎత్తు 12 అంగుళాలైతే ఒత్తులకు కింద మరో 8 నుంచి 10 అంగుళాలు వదలాలి. ‘వస్త్రాలయం’లో స కింద రెండు ఒత్తులొస్తాయి, చోటు లేకపోతే అవి కింది వరుస గుడుల మీద పడి రెండు వరుసలూ చదవరాకుండా పోతాయి. ఇంగ్లీషు బోర్డు కొలతలు తెలుగుకు పనికిరావు.

నిచ్చెన 12 అడుగుల ఎత్తున ఆనితే, కాళ్లు గోడకు 3 అడుగుల దూరంలో ఉండాలి. పైకొస తాడుతో కట్టండి. కరెంటు తీగలుంటే అల్యూమినియం నిచ్చెన వద్దు. రంగు పలచన చేసే టర్పెంటైన్ దగ్గర బీడీ అసలు వద్దు.

ఎండకు కాలిన గోడ మీద కుంచె సాగదు, చారలు పడతాయి. నీడ ఉన్న పూటే మొదలుపెట్టండి.