పాట వయసు పట్టుకోవడం - 3వ పాఠం: మాట పాతది, బాణీ కొత్తది

పోయిన పాఠంలో వాయిద్యాల వయసు చూశాం. ఈసారి పాట వయసు, అంటే సినిమాలో వినిపించే పాట ఆ సీను కాలానికి నిజంగా ఉందా లేదా అని. సినిమాలో యూదుల పాట వినపడగానే "వేల ఏళ్ల నాటిది కాబోలు" అనుకుంటాం. భాష హీబ్రూ, గొంతులో దిగులు, ఇంకేం కావాలి? అక్కడే బోల్తా పడతాం.

ముందు మాటల్నీ బాణీనీ విడదీయండి. అన్నమయ్య రాగిరేకుల మీద మాటలున్నాయి, రాగం పేరుంది, స్వరాలు లేవు. మనం ఇప్పుడు వినే బాణీలు చాలావరకు ఈమధ్య కట్టినవే. 'షాలోం అలేఖెం' కూడా అలాంటిదే. శుక్రవారం రాత్రి భోజనానికి ముందు యూదులు పాడే ఆ పాట మాటలకు వందల ఏళ్ల వయసుంది. అందరికీ తెలిసిన నెమ్మది బాణీని మాత్రం 1918లో న్యూయార్క్‌లో ఇజ్రాయెల్ గోల్డ్‌ఫార్బ్ కట్టాడు. 1890 నాటి ఉక్రెయిన్ పల్లె సీనులో అదే బాణీ వినిపిస్తే మాటలు ఒప్పు, బాణీ తప్పు.

తర్వాతి ప్రశ్న: పాడుతున్నది ఎవరు? సీనులోని మనుషులా, నేపథ్యంలో సినిమానా? దీనికి నాజీల నుంచి యూదు కార్మికుల్ని కాపాడిన షిండ్లర్ కథ, 'షిండ్లర్స్ లిస్ట్' (1993) సినిమా చివర చూడండి. 1945లో చెర నుంచి బయటపడ్డ ఆ కార్మికులు పొలం మీదుగా నడిచి వస్తుంటే నేపథ్యంలో 'బంగారు జెరూసలేం' వస్తుంది. ఇజ్రాయెల్ పాటల రచయిత్రి నయోమీ షెమెర్ దాన్ని రాసింది 1967లో. ఆ ఏడాది మే 15న పాటల పోటీలో షూలీ నతన్ పాడింది, మూడు వారాలకే ఇజ్రాయెల్-అరబ్ దేశాల యుద్ధం వచ్చింది. ఇజ్రాయెల్ ప్రేక్షకులకు అది ఆ యుద్ధం రోజుల్లో రేడియోలో మోగిన పాట. అందుకే అక్కడి ప్రింట్లలో దాన్ని తీసేసి 'ఏలీ, ఏలీ' పెట్టారు.

తమాషా ఏంటంటే, లెక్క ప్రకారం అదీ పాస్ కాదు. హంగరీలో పుట్టిన యూదు కవయిత్రి హన్నా సెనెష్ 'ఏలీ, ఏలీ' కవిత రాసింది 1942లో, పాలస్తీనా సముద్రతీరాన. 1944లో ఆమెను బుడాపెస్ట్‌లో కాల్చి చంపారు. డేవిడ్ జెహావి బాణీ కట్టింది 1945లో. ఐరోపా క్యాంపుల్లోంచి బయటపడ్డవాళ్లకు అది తెలిసే వీల్లేదు. అయినా ఎవరూ కసురుకోలేదు, ఎందుకంటే ఆ పాట దుఃఖం ఆ కాలానిదే. నేపథ్య సంగీతానికి క్యాలెండర్ ఒక్కటే పెట్టి మార్కులు వేయకూడదని నేననేది ఇందుకే. పాత్రే నోరు తెరిచి పాడితే మాత్రం సాకులు చెల్లవు.

చెవికి దొరికే ఆధారం ఇంకొకటి ఉంది, ఉచ్చారణ. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పోలండ్ యూదులు తమ వారాంతపు విశ్రాంతి రోజును 'షబ్బెస్' అనేవారు. పాత్ర 'షబ్బాత్' అంటే అది ఇప్పటి ఇజ్రాయెల్ హీబ్రూ.

అభ్యాసం: 1905, రష్యా పల్లెలో పెళ్లి. 'హవా నగీలా' అనే యూదుల పాట బాణీ సదగురా ఊరి హసిదీలు (యూదుల్లో ఒక భక్తి శాఖవాళ్లు) మాటల్లేకుండా పాడుకున్నది. మాటలు 1918 ప్రాంతంలో జెరూసలేంలో చేరాయి. మొదటి సీనులో ఒక్క క్లారినెట్ ఆ బాణీ వాయిస్తుంది. రెండో సీనులో చుట్టాలంతా మాటలతో పాడతారు. దేనికి ఎన్ని మార్కులు వేస్తారు, ఎందుకు? జవాబు 4వ పాఠంలో.