ఆ కోపం అసలు ఎవరి మీద?

ఆఫీసులో మేనేజర్ పదిమంది ముందు ఓ మాట అంటే అక్కడ నోరెత్తలేం. ఇంటికొచ్చాక కూరలో ఉప్పు తగ్గిందని కంచం తోసేస్తాం, లెక్క తప్పు చేసిన పిల్లాడి మీద ఎగిరిపడతాం. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమన్నమాట. డీఎస్సీకి చదివినవాళ్లు రక్షక తంత్రాల (బాధ, ఆందోళన నుంచి తప్పించుకోడానికి మనసు వేసే ఎత్తుల) పాఠంలో 'విస్థాపనం' అని దీన్నే బట్టీ పట్టి ఉంటారు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్ 1936లో ఈ తంత్రాల మీద ఏకంగా ఓ పుస్తకమే రాసింది. కావాలని చేసేది కాదు, మనకు తెలియకుండానే జరిగిపోతుంది. అందుకే పట్టుకోవడం కష్టం.

ఒక గుర్తు మాత్రం ఉంది: విషయం చిన్నది, కోపం పెద్దది. చిటికెడు ఉప్పుకి అంత అరుపు అక్కర్లేదు కదా! అలా అనిపించగానే "పొద్దుట్నుంచి నన్ను ఎవరేమన్నారు?" అని ఒక్కసారి గుర్తు చేసుకోండి. మనిషి దొరికితే ఇంట్లోవాళ్లకు ముందే చెప్పేయండి: "ఇవాళ ఆఫీసులో తల వేడెక్కింది, ఓ అరగంట నన్ను కదిలించొద్దు." తర్వాత సారీలు చెప్పడం కంటే ఇదే నయం, నా లెక్కలో. అప్పటికే అరిచేసి ఉంటే పిల్లాడికి "ఆ కోపం నీ మీద కాదు నాన్నా" అని నోటితో చెప్పాలి. చాక్లెట్ కొనిపెడితే వాడికి సంగతి అర్థం కాదు.

ఛాతీలో నొప్పి వస్తే "ఆఁ, గ్యాసే లే" అని సర్దిచెప్పుకోవడం కూడా చాలాసార్లు ఇలాంటి మరో రక్షక తంత్రమే: నిరాకరణ, అంటే ఉన్న నిజాన్ని ఒప్పుకోకపోవడం. అక్కడ మాత్రం ఆలోచిస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.