రెడీ నొక్కే ముందు: క్లాన్‌లో పుష్ వాళ్ళనీ సరదా వాళ్ళనీ కలిపి ఉంచడం ఎలా

మాది తెనాలి. సెల్‌ఫోన్ రిపేర్ షాపు నడుపుతాను. 2021 జులైలో బీజీఎంఐ (ఫోన్‌లో నలుగురేసి స్క్వాడ్‌లుగా, అంటే జట్లుగా ఆడే షూటింగ్ గేమ్, చివరిదాకా బతికినవాళ్ళదే గెలుపు) రాగానే మా చుట్టాలు, షాపుకొచ్చే కుర్రాళ్ళు కలిసి ఒక క్లాన్ (గేమ్‌లో మన గుంపు) పెట్టుకున్నాం. ఇప్పుడు 35 మందిమి ఉన్నాం. లీడర్‌ని నేనే కాబట్టి తగవులన్నీ నా దగ్గరికే వస్తాయి. వాటిలో చాలావరకు ఒకటే తగవు: ర్యాంకు పుష్ చేసేవాళ్ళకీ (ర్యాంకు పెంచుకోవడానికే ఆడేవాళ్ళకీ) సరదాకి ఆడేవాళ్ళకీ పడదు. మీ క్లాన్‌లోనూ అదే నడుస్తుంటే, మాకు పనికొచ్చినవి చెబుతాను.

ముందు ఒక మ్యాచ్ సంగతి. ఎరాంగెల్ అనే పెద్ద మ్యాప్, రాత్రి పది దాటింది. మా వదిన, పూణేలో ఉండే ఆమె తమ్ముడు, ఇంటర్ సెకండియర్ కుర్రాడొకడు, నేను. ఆ అబ్బాయి క్రౌన్ ర్యాంకులో ఉన్నాడు, దాని పైనున్న ఏస్ అందేంత దూరంలో. రోజోక్ ఊరి పక్కన గుట్ట మీద రాళ్ళ వెనక పడుకున్నాం. జోన్ (అంతకంతకూ చిన్నదయ్యే సురక్షిత వలయం) మా మీదే పడింది, ఇంకా పదకొండు మందే మిగిలారు. ఎవరూ కదలొద్దన్నాడు. అప్పుడే కింద రోడ్డు పక్కన ఎయిర్ డ్రాప్ (విమానం పడేసే ఆయుధాల పెట్టె) పడి ఎర్రగా పొగ లేచింది. "ఒక్క నిమిషం, అందులో ఏముందో చూసొస్తా" అని వదిన జీపెక్కి దిగిపోయారు. ఆ చప్పుడుకి రెండు స్క్వాడ్‌లు మా గుట్ట వైపు తిరిగాయి. నిమిషం తిరక్కుండా నలుగురం ఆట పోయి లాబీలో ఉన్నాం. "ఆడటం రానివాళ్ళు ఎందుకొస్తారక్కా?" అని వాడు మైక్‌లో అరిచాడు. వదిన ఏమీ అనలేదు. మైక్ ఆపేసి వెళ్ళిపోయారు. మూడు వారాలు మళ్ళీ రాలేదు.

ఇద్దరితో విడివిడిగా మాట్లాడాకే నాకు అసలు సంగతి అర్థమైంది. 18 ఏళ్ళ లోపు వాళ్ళకి ఆ గేమ్ రోజుకి 3 గంటలే ఆడనిస్తుంది. చివరిదాకా నిలబడితే ఎరాంగెల్ మ్యాచ్‌కి అరగంట పడుతుంది. అంటే రోజంతా కలిపి ఆరు మ్యాచ్‌లు. వాడికి ట్యూషన్ పోను దొరికేవి రెండో మూడో. సీజన్ మారితే ర్యాంకు మళ్ళీ కిందికి పడుతుంది. అందుకే ఒక్క మ్యాచ్ పోయినా వాడికంత బాధ. వదిన మాట వేరు. "పిల్లలు పడుకున్నాక నాకు దొరికేది ఆ గంటే. తమ్ముడికి ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో మాటలైపోతాయి. ఆటలో అయితే గంటసేపు మాట్లాడుకుంటాం" అన్నారు. ఎయిర్ డ్రాప్ చూసొస్తాననడం కూడా ఆ కబుర్లలో భాగమే. ఇద్దరూ న్యాయంగానే ఉన్నారు. ఈ మ్యాచ్ దేనికోసమో రెడీ నొక్కే ముందు చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

అందుకే మొదటి పని అదే. మాకు రెండు మాటలున్నాయి: "పుష్", "ఊరికే". రెడీ నొక్కే ముందు నలుగురూ నోటితో ఒప్పుకోవాలి. పుష్ అంటే పోచింకి లాంటి రద్దీ చోట్ల దూకడం లేదు, ఎయిర్ డ్రాప్ జోలికి పోవడం లేదు, ఎటు వెళ్ళాలో ఒక్కరే చెబుతారు. ఊరికే అంటే బగ్గీ తీసుకుని మ్యాపంతా తిరిగినా ఎవరూ అడక్కూడదు. మాట కుదరకపోతే లివిక్‌కి వెళ్ళండి. 2 కిలోమీటర్ల చిన్న మ్యాప్, 52 మంది, పావుగంటలో అయిపోతుంది. పోయినా ఎవరికీ పెద్దగా గుచ్చుకోదు. లేదా టీడీఎం (టీమ్ డెత్‌మ్యాచ్, రెండు జట్ల చిన్న పోరు) పెట్టుకోండి, అందులో మామూలు మ్యాచ్‌ల క్లాసిక్ ర్యాంకు కదలనే కదలదు.

స్క్వాడ్ కలిపేటప్పుడు ముగ్గురు పుష్ వాళ్ళ మధ్య ఒక్క సరదా మనిషిని వెయ్యకండి. ఆ ఒక్కరూ మ్యాచ్ అంతా వెనకబడి, మాట్లాడే తోడు లేక నలిగిపోతారు. ఇద్దరూ ఇద్దరూ అయితే నడుస్తుంది.

మైక్ దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. మ్యాచ్ జరుగుతుండగా సమాచారమే వినిపించాలి: "కుడివైపు చెట్టు దగ్గర ఇద్దరున్నారు" అనొచ్చు, "అటెందుకెళ్ళావ్" అనకూడదు. ఆ ప్రశ్న మ్యాచ్ అయ్యాక, అదీ విడిగా. వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. ఇంకోటి, మనిషిని "బాట్" అనడం మా క్లాన్‌లో నిషేధం. గేమే నడిపించే బొమ్మలకి పెట్టిన పేరది. మన వదిననో తమ్ముడినో ఆ మాట అన్నాక తర్వాత ఎన్ని సారీలు చెప్పినా అది పోదు.

తగవు వచ్చాక లీడర్ మెసేజ్ పెట్టకూడదు, ఫోన్ చెయ్యాలి. పుష్ ఆడేవాడితో "ఆటేగా, వదిలెయ్ రా" అనకండి. వాడి రెండు నెలల కష్టాన్ని తీసి పారేసినట్టు ఉంటుంది. సరదాగా ఆడేవాళ్ళతో "వాడు చిన్నపిల్లాడు, పట్టించుకోకండి" అని కూడా అనకండి, మాట పడింది వాళ్ళు కదా. ఎవరికి ఏం పోయిందో మీ నోటితో మీరే చెప్పండి, సగం వేడి అక్కడే దిగుతుంది.

లీడర్ ఒక పక్షం చేరకూడదు. ఎందుకంటే, 2022 జులై ఆఖర్లో గేమ్‌ని యాప్ స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో గానీ తిరిగి రాలేదు. ఆ పది నెలల్లో మా పుష్ వాళ్ళు చాలామంది వేరే గేమ్‌లకి వెళ్ళిపోయారు. ఫోన్‌లో ఉన్న గేమ్‌నే పట్టుకుని రోజూ వచ్చి క్లాన్‌ని నిలబెట్టింది సరదా వాళ్ళు. కానీ మాకు గురి చూడ్డం, జోన్ అంచనా వెయ్యడం నేర్పింది మాత్రం పుష్ వాళ్ళే.

ఇద్దరినీ కలిపేది మా శనివారం కస్టమ్ రూమ్ (పాస్‌వర్డ్‌తో మనవాళ్ళే చేరే మ్యాచ్). ర్యాంకుతో పని లేదు. చీటీలు తీసి జట్లు కడతాం, జట్టుకొక పుష్ ప్లేయర్ కెప్టెన్. లెక్క మాది మేమే పెట్టుకున్నాం: కిల్‌కి 1 పాయింటు, రివైవ్‌కి (పడిపోయిన తోటివాళ్ళని లేపితే) 2. ఈ ఒక్క మార్పుతో కెప్టెన్లు పడిపోయిన వాళ్ళ కోసం వెనక్కి రావడం మొదలుపెట్టారు. మూడు వారాల తర్వాత వదిన తిరిగొచ్చింది ఈ రూమ్‌కే. ఆ ఇంటర్ కుర్రాడి జట్టులోనే చీటీ పడింది. రివైవ్‌కి ముందు స్మోక్ (పొగ బాంబు) ఎటు విసరాలో వాడు గోదాం గోడ దగ్గర కూర్చోబెట్టి నాలుగుసార్లు విసిరించి చూపించాడు. "శత్రువుకీ మనకీ మధ్యలో పడాలక్కా, మన మీద కాదు" అని.

అందరూ కలవరు. కిందటేడు నలుగురు పుష్ ప్లేయర్లు వేరే క్లాన్ పెట్టుకుని వెళ్ళిపోయారు. బతిమాలలేదు, వాట్సాప్ గ్రూపులోంచీ తీసెయ్యలేదు. శనివారం రూమ్ పాస్‌వర్డ్ వాళ్ళకీ పంపుతూనే ఉన్నాను. ఒక వారం కాకపోతే ఇంకో వారం, ఇద్దరైనా వస్తున్నారు.